డప్పు కింద పెట్టినవాళ్లు

చినువా అచెబె ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958) గురించి ఎవరు మాట్లాడినా ఒకొంక్వో దగ్గరే ఆగిపోతారు. తెల్లవాళ్లొచ్చారు, చర్చి పెట్టారు, ఇగ్బో ఊళ్ల పద్ధతులు కూలిపోయాయి, ఆ మొండి మనిషి ఉరేసుకున్నాడు. బాధగానే ఉంటుంది. కానీ ఆ నవల్లో చర్చిలోకి తొందరగా నడిచెళ్లినవాళ్లెవరో ఒకసారి చూడండి. ఒకామె నాలుగుసార్లు కవలల్ని కన్నది. కవలలు అరిష్టమని నాలుగుసార్లూ పారేశారు. ఇంకొందరు ‘ఒసు’లు, దేవతకి అంకితమైపోయినవాళ్లు. జుట్టు కత్తిరించుకోకూడదు, మిగతా ఊరితో పెళ్లీ పేరంటం లేదు. వీళ్ల వైపు నుంచి చూస్తే కూలిందేమిటి?

నాది తెనాలి. అందుకే ఇది నాకు నైజీరియా ప్రశ్నలా అనిపించదు. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర “మిషనరీలు మన కల్చర్‌ని నాశనం చేశారండీ” అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నాకు అడ్డం పడేది అందులో ‘మన’ అనే మాట. మా ఇంటివాళ్లు పోలేరమ్మ కొలుపులో డప్పు కొట్టినవాళ్లు కాదు, కొట్టించుకున్నవాళ్లు. ఆ డప్పు ఆగిపోతే పోయింది మా సంస్కృతా, కొట్టినవాళ్లదా? వాళ్లే ఇష్టపడి ఆపేస్తే, దాని గురించి బాధపడే హక్కు నాకెంత?

1842లో హయ్యర్ గుంటూరులో దిగిన దగ్గర్నుంచి మా జిల్లాలో లూథరన్ మిషన్ పెరిగింది. దక్షిణాన ఒంగోలు నుంచి బాపట్ల దాకా అమెరికన్ బాప్టిస్టులు. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ పేరు చాలామంది వినే ఉంటారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన మిషన్ ఆయనది. కరువు కాలం కాబట్టి అన్నం కోసం మారారనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కరువు పనిగా బకింగ్‌హామ్ కాలవ తవ్వించే కాంట్రాక్టు తీసుకున్న క్లౌ, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

నాకు ఆసక్తి ఆ అంకె మీద కాదు, చేరిన మాదిగలకి ఆయన పెట్టిన మూడు నియమాల మీద. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. చదవగానే మూడూ మతం సంగతుల్లాగే కనిపిస్తాయి. ఊళ్లో పెట్టి చూడండి. ఆదివారం పని చెయ్యకపోవడమంటే, వారంలో ఒక రోజు నా ఒళ్లు నాది అని ఆసామికి చెప్పడం. శనివారం రాత్రి ప్రొడక్షన్‌లో ఏదో పగిలిందని ఫోనొస్తేనే గగ్గోలు పెట్టే మనకి, వెట్టి చేసే మనిషి ఆ మాట అనడం ఎంత పెద్ద విషయమో తెలియదు. చచ్చిన గొడ్డుని ముట్టనంటే, దాన్ని లాక్కెళ్లే చాకిరీకీ ఎసరే. విగ్రహానికి మొక్కనంటే, కొలుపు రోజు డప్పు కొట్టనన్నట్టే. ఊరు భగ్గుమన్నది దేవత మీద భక్తితో మాత్రమే అంటే నేను నమ్మను. పనిమనుషులు పని మానేశారు, అదీ కోపం.

అలాగని పోయిందేమీ లేదని చెప్పను. క్లౌ భార్య ఎమ్మా రాసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ (1899)లో మాతంగి గురించి ఉంటుంది. మాదిగ ఆడమనిషి, జాతరలో పూనకంతో పెద్ద కులాల వాళ్ల మీద ఉమ్ముతుంది, తిట్టిపోస్తుంది, బ్రాహ్మడితో సహా అందరూ తలొంచుకుని నిలబడతారు. చర్చి అలాంటిదేదీ ఇవ్వలేదు. అయితే ఆ కాసేపటి అధికారానికి ఆమె పెళ్లీ పెటాకులూ లేకుండా బతుకంతా దేవత పేరున రాసివ్వాలి. ఆ బేరం బాగుందని మనం కుర్చీలో కూర్చుని చెప్పడం సులువు.

చర్చి మీద నాకున్న ఫిర్యాదు వేరు. అది సంస్కృతినంతా తోసెయ్యలేదు, ఏరుకుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన కవి కీర్తనలు రాస్తే కళ్లకద్దుకుంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. పెళ్లిలో తాళి ఉంచుకుని దానికి శిలువ తగిలించారు. రాగానికి బాప్తిస్మం ఇవ్వొచ్చు, తాళిబొట్టుకీ ఇవ్వొచ్చు. డప్పుకి మాత్రం కుదరలేదు, అది దయ్యాలదట. విగ్రహారాధన గురించి ఇంత పట్టింపు ఉన్నవాళ్లకి త్యాగరాజు రాగాలు ఎవరి గుళ్లలోవో గుర్తు రాలేదా? గుణదల మేరీమాత దగ్గర కేథలిక్కులు తలనీలాలు, కొబ్బరికాయలు కూడా రానిచ్చారు. అక్కడా అన్ని కులాలకీ అలవాటైనవే లోపలికి వచ్చాయి.

ఆఫ్రికాలోనూ చాలా మిషన్లు డోలుని ఇలాగే బయట నిలబెట్టాయి. తర్వాత లోపలికి పిలిచాయి. కాంగోలో ‘మిస్సా లూబా’ రికార్డు 1958లో వచ్చింది, అచెబె నవల వచ్చిన ఏడాదే. 1962–65 వాటికన్ సభ తర్వాత కేథలిక్ చర్చి ఆ దారిని అధికారికంగానే తెరిచింది. అయితే అక్కడ డోలు ఊరందరిది. ఇక్కడ డప్పు ఒక కులం మెడకి తగిలించింది. ‘మీ సంప్రదాయం తెచ్చుకోండి’ అని ఫాదర్ ఎంత ప్రేమగా పిలిచినా, ఇక్కడ అది వెనక్కి వెళ్లి మళ్లీ అదే పని చెయ్యమన్నట్టు వినిపించొచ్చు.

చర్చి కులాన్ని కూల్చిందా అంటే, అదీ లేదు. మా వైపు లూథరన్ అంటే ఎక్కువగా మాలలు, బాప్టిస్టు అంటే ఎక్కువగా మాదిగలు, పెళ్లి ప్రకటనల్లో కమ్మ కేథలిక్, రెడ్డి కేథలిక్. అచెబె దగ్గర కూడా ఒసులు వస్తే ముందు అభ్యంతరం చెప్పింది మతం మారినవాళ్లే.

డప్పు కింద పెట్టడం ఒకరి నిర్ణయం అన్నాను. అందరికీ ఆ వీలు దొరకలేదు. బాపట్ల పక్కనే స్టువర్టుపురం ఉంది. నేరస్త జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని తెచ్చి అక్కడ పెట్టి, ఆ సెటిల్‌మెంటుని సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. హాజరు పట్టీ ఒక చేత్తో, పాటల పుస్తకం ఇంకో చేత్తో. అక్కడ పాత బతుకు వదులుకోవడాన్ని విముక్తి అనడానికి నాకు నోరు రాదు.

ఇష్టపడి వదిలినవాళ్లకి కూడా రాజ్యం బిల్లు పంపింది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా ఇచ్చింది. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు, మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి. అందుకే కాలేజీలో ప్రసాద్, చర్చిలో డానియేలు అయిన స్నేహితులు మీకూ ఉండే ఉంటారు. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు దారిలోనే చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపినవాళ్లు ఎవరి సర్టిఫికెట్‌లో ఏ మతముందో చూడలేదు.

డప్పు మాత్రం తిరిగొచ్చింది, చర్చి దారిలో కాదు. 1994 జూలైలో ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా దాన్ని భుజానికెత్తుకుంది. క్లౌ తిరిగిన జిల్లాలోనే. ఇప్పుడు క్రైస్తవ పాటల్లోనూ ఆ దరువు వినిపిస్తోంది, చాలావరకు రిథమ్ ప్యాడ్ మీద, తోలు లేకుండా. రేపల్లెలో నాకు తెలిసిన ఒక పెద్దాయన మనవడు చర్చిలో ఆ ప్యాడే వాయిస్తాడు. క్రిస్మస్‌కి దరువు మొదలుకాగానే ఆయన లేచి బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడతాడు. ఎందుకండీ అంటే, “మా నాయన అది మోసుకుంటా తిరిగాడు బాబూ, నేను వినలేను. వాణ్ణి మాత్రం వాయించుకోనీ” అన్నాడు.