ఉల్లిగడ్డ అడుగున

ఉల్లిగడ్డను పొర తర్వాత పొర వలుచుకుంటూ పోతే చివరికి ఏమీ మిగలదు, ‘నేను’ అనేదాని సంగతీ అంతే అనే మాట వేదాంత సభలకు వెళ్ళేవాళ్ళలో విననివాళ్ళుండరు. పోలిక శ్రీరామకృష్ణ పరమహంసది. ఆయన అక్కడితో ఆపలేదు. అహంకారాన్ని వెతుకుతూ పోతే అది దొరకదు, చివరికి నిలిచేది శుద్ధ చైతన్యమే అన్నారు. సభల్లో మాత్రం మొదటి సగమే ప్రచారంలో నిలిచింది. విన్నవాళ్ళు ‘లోపల ఏమీ లేదట’ అనుకుంటూ ఇళ్ళకు పోతారు. ఉల్లిని వలిచేవాళ్ళకు అలా తోచడం సహజమే. విత్తనం వేసి పెంచేవాళ్ళకు అలా తోచదు.

నేను ఎమ్మిగనూరు దగ్గర పల్లెలో, ఉల్లి వేసే ఇంట్లో పుట్టాను. పెళ్ళయి ఇంగ్లండులోని యార్క్‌షైర్ వచ్చాక, కౌన్సిల్ వాళ్ళు అద్దెకిచ్చే చిన్న మడి ఒకటి తీసుకుని ఇక్కడి పెద్ద ఉల్లిని పెంచుతున్నాను. ‘కెల్సే’ అని రకం పేరు. ఈ ప్రాంతంలో పెద్ద ఉల్లి పెంచేవాళ్ళది ఒక దీక్ష. ఏటా సెప్టెంబరులో హారోగేట్ పూల ప్రదర్శనకు గడ్డల్ని పసిబిడ్డల్లా పొత్తిళ్ళలో తెచ్చి తూకానికి పెడతారు. 2014లో టోనీ గ్లోవర్ తెచ్చిన గడ్డ 8.5 కిలోలు తూగింది. 2023లో గర్న్‌సీ ద్వీపం నుంచి గారెత్ గ్రిఫిన్ తెచ్చింది 9 కిలోలకు రవంత తక్కువ. విత్తనాలు చూస్తే గ్రాముకు 250 దాకా తూగుతాయి. అంటే ఆ గడ్డ తన విత్తనానికి 20 లక్షల రెట్లకు పైమాటే.

ఇంత బరువూ ఎక్కడ చేరుతుందో పెంచితేనే తెలుస్తుంది. క్రిస్మస్ రోజుల్లో, బయట మంచు కురుస్తుండగా, ఇంట్లో దీపాల కింద విత్తనం వేస్తారు. మొలక తలెత్తి రాదు, నడుము వంచుకుని వస్తుంది. తర్వాత నిటారవుతుంది. వసంతం దాకా పని అంతా ఆకులదే. ఒక్కో ఆకు అడుగుభాగం ఒక్కో పొర అవుతుంది. జూన్‌లో ఇక్కడ పగలు 17 గంటలు. అంత పొడుగు పగలు తగిలాకే ఆకుల మొదళ్ళలోకి నీరూ చక్కెరా దిగి అవి ఊరడం మొదలుపెడతాయి. ఇదే విత్తనం మా ఊళ్ళో వేస్తే ఆకులు ఎదుగుతాయి కానీ గడ్డ సరిగా ఊరదు. కర్నూలు వైపు ఏడాదిలో అతి పొడుగు పగలు దాదాపు 13 గంటలే. అక్కడి రకాలు ఆ చిన్న పగళ్ళకే ఊరతాయి. దేశం వేరైనా మా నాయన చెప్పిన లెక్క మాత్రం ఇక్కడా చెల్లింది. నారు నాటాక నేను మాటిమాటికీ మట్టి తోడి చూస్తుంటే, “గడ్డ సంగతి అడగొద్దు పాపా, ఆకులు లెక్కబెట్టు” అనేవాడు.

మరి ఆకులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? గడ్డను అడ్డంగా కోస్తే చక్రాలే కనిపిస్తాయి, నడుమ ఖాళీయే. నిలువుగా కోయాలి. అప్పుడు అడుగున, వేళ్ళకు సరిగ్గా పైన, గట్టిగా తెల్లగా ఒక బిళ్ళ కనిపిస్తుంది. ఉల్లి మొక్కకు కాండం అదే. దాని మీద ఒక చిన్న మొన ఉంటుంది. ప్రతి ఆకూ ఆ మొన దగ్గరే పుట్టింది, ప్రతి పొరా ఆ బిళ్ళకే అతుక్కుని ఉంది. తొమ్మిది కిలోల గడ్డలోనూ ఆ బిళ్ళ వంతు చాలా కొంచెం. పొరలు వలిచేవాళ్ళు నడిమధ్యలో దేనికోసమో వెతికారు, అది అడుగున ఉంది.

ఇది తైత్తిరీయోపనిషత్తు చదివినవాళ్ళకు కొత్త సంగతి కాదు. అన్నమయం నుంచి ఆనందమయం దాకా మనిషికి ఉన్న ఐదు కోశాలనూ, అంటే ఐదు పొరలనూ, ఆ ఉపనిషత్తు ఒక్కో పక్షిగా వర్ణిస్తుంది. తల, రెండు రెక్కలు, నడుము, తోక. ఆ తోకనే పక్షి నిలబడే ఆధారం అంటుంది. ఆనందమయ కోశం దగ్గరికి వచ్చేసరికి ఆ తోక, ఆ ఆధారం, బ్రహ్మమే అంటుంది. శంకరులు దీని మీద గట్టిగా వాదించారు: ఇక్కడ చెప్పదలచింది ఆనందమయ కోశం గురించి కాదు, దానికి ఆధారమైన బ్రహ్మం గురించి అని. రామానుజులు ఒప్పుకోలేదు, ఆనందమయుడే పరబ్రహ్మం అన్నారు. నా మనసు శంకరుల వైపే మొగ్గుతుంది. అన్నిటికన్నా లోపలి పొర కూడా పొరే కదా.

ఇదంతా నాకు పుస్తకాల తగవు కాదు. మా అమ్మకు మతిమరుపు జబ్బు వచ్చింది. ముందు ఊళ్ళ పేర్లు పోయాయి, తర్వాత చుట్టాలు, ఆ తర్వాత నేను. చూసిపోయేవాళ్ళు గడప దాటకముందే “ఇంక ఆమె లేదులే” అనేవాళ్ళు. అయినా అన్నం కలిపి చేతిలో పెడితే మొదటి ముద్ద ఎదురుగా ఎవరుంటే వాళ్ళ నోటికి అందించబోయేది. ఒకరోజు నేనెవరో తెలియకుండానే నాకు పెట్టబోయింది. పొరలన్నీ పోయిన మనిషిలో ఎవరూ లేరన్న మాట నేను ఆరోజు ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

అలాగని ఆ బిళ్ళే ఆత్మ అని నేననడం లేదు. అదీ శరీరమే, దానికీ అడుగుకుళ్ళు తెగులు వస్తుంది. అది తగిలితే పైపొరలు ఎంత నిగనిగలాడినా గడ్డ దక్కదు. నేను చెప్పేది వెతికే దిక్కు గురించి. పొరలు అబద్ధమనీ అనను. ఉల్లికి మొదటి ఏడు గడ్డ, చలి గడిచాక రెండో ఏడు పువ్వు. పొరల్లో దాచిందంతా ఆ పూకాడ కోసమే. ఇక్కడి పెంపకందార్లు ఉన్నవాటిలో మేలైన గడ్డను కూరకు వాడరు, విత్తనానికి మళ్ళీ మట్టిలో పెడతారు. పూకాడ నెత్తిన వందల పూలు విచ్చుకునేసరికి కింద గడ్డ డస్సిపోయి, పొరలు కాగితాలవుతాయి. దాచుకున్నది దేనికో దానికి ఖర్చయింది. వైరాగ్యం పేరుతో జ్ఞాపకాలనూ బంధాలనూ తిట్టిపోసేవాళ్ళు ఈ రెండో ఏడు చూడలేదు.

కార్తీకంలో ఉల్లి మానేసేవాళ్ళు ఆ నెల గడిచాకే చూడండి. ఒక గడ్డను అడ్డంగా కాకుండా నిలువుగా కోయండి. బిళ్ళను చూశాక ఇంకో గడ్డను అడ్డంగా కోసి, వేళ్ళ వైపు ముక్కను బిళ్ళతో సహా కుండీలో పెట్టి తడి ఆరకుండా చూడండి, మళ్ళీ పచ్చటి ఆకు వేస్తుంది. బిళ్ళ లేని ముక్క ఎంత పెద్దదైనా మట్టిలో కుళ్ళిపోతుంది.