నచ్చిందంటే సరిపోతుందా?

ఒక కవితాసంపుటి నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో పదిమందికీ చెప్పవలసిన బాధ్యత నాకున్నదా? పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు గదా, నా రుచి నా ఇష్టం అని తప్పుకోవచ్చునా? సంవత్సరాంతంలో పాఠకులు తమకు నచ్చిన కవిత్వపు పుస్తకాలను ఒకరికొకరు చెప్పుకునే ఆచారం మనలో ఉన్నది. మంచి ఆచారమే. కాని దాని వెనుకనున్న ఈ ప్రశ్నను మనం తేలికగా దాటవేస్తున్నామని నా అనుమానం.

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1790లో వెలువరించిన గ్రంథంలో ఒక చక్కని భేదం చూపించాడు. ఫలానా ద్రాక్షసారా బాగున్నదని ఒకడంటే, "నీకు బాగున్నదను" అని మనం సవరించవచ్చు; అతడు ఒప్పుకుంటాడు. ఫలానా కావ్యం అందమైనదన్నవాడు మాత్రం ఆ సవరణకు ఒప్పుకోడు. అతడు అందరి తరఫునా మాట్లాడుతున్నాడు, అందరి అంగీకారమూ కోరుతున్నాడు. కాంట్ భావవాది, ఆయనతో మనకు పేచీలు చాలా ఉన్నాయి. అయినా ఈ మాట మనకు పనికివస్తుంది. నచ్చడం నా ఇంటి విషయం కావచ్చు. నలుగురిలో మెచ్చుకోవడం సాంఘిక చర్య.

మన ఆలంకారికులకూ ఇది తెలియనిది కాదు. కావ్యాభ్యాసం వల్ల మనస్సు అద్దంలా తేటపడినవాడే సహృదయుడన్నాడు అభినవగుప్తుడు. ఆ అభ్యాసానికి కావలసిన తీరికా డబ్బూ ఎవరికి ఉంటాయన్న విచారణ మాత్రం ఆయన మనకు మిగిల్చిపోయాడు.

కర్నూలుకు హంద్రీ అడ్డంగా ఇవతల ఒడ్డున మా కల్లూరు. ఇక్కడ కొందరం ఉపాధ్యాయులం, విద్యార్థులం డిసెంబరు ఆఖరున కలుసుకొని ఎవరికి నచ్చిన సంపుటిని గురించి వారు చెబుతాం. కిందటిసారి అందరూ మాట్లాడాక ఒక విద్యార్థి లేచి, "సార్, వీటిలో డబ్బిచ్చి కొన్నవెన్ని?" అని అడిగాడు. లెక్క చూస్తే రెండు. తక్కినవన్నీ కవులు సంతకం చేసి ఇచ్చినవే.

తెలుగులో కవితాసంపుటి వెలువడే తీరు ఎరిగినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. చాలామంది కవులు తమ జీతంలోంచే అచ్చువేయించుకుంటారు. ఆవిష్కరణ సభలో కొన్ని ప్రతులు, తపాలాలో కొన్ని పంచుతారు. మిగిలినవి అటకెక్కుతాయి. అంచేత "ఈ ఏటి ఉత్తమ కవిత్వం" అని మనం అంటున్నది నిజానికి "ఈ ఏడు మా దాకా వచ్చిన కవిత్వం" మాత్రమే. ఆదోని దగ్గర పల్లెలోనో, జమ్మలమడుగులోనో ఒక కూలీ బిడ్డ వేసుకున్న పుస్తకం మన చేతికి రాకపోతే, దాన్ని మనం తిరస్కరించినట్టు కూడా కాదు. అది లేనట్టే. కుర్రవాడు రుచి మాట వదిలి డబ్బు మాట ఎత్తాడని ఒక మిత్రుడు చిన్నబుచ్చుకున్నాడు గాని, మన రుచి పనిచెయ్యకముందే ఎవరో వడపోసి పెడుతున్నప్పుడు ఆ రెండు మాటలనూ విడదియ్యడం ఎలా?

ఈ రాయలసీమలోనే వేమన సంగతి చూడండి. ఆయనను కవుల పంక్తిలో కూర్చోబెట్టడానికి పండితులు చాలాకాలం ఒప్పుకోలేదు. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ రాతప్రతులు సేకరించి ఆ పద్యాలను 1829లో అచ్చువేయించాడు. అప్పటికే అవి జనం నాలుకలమీద ఉన్నాయి. వాటిని నిలిపినవారు "ఇది నాకు నచ్చింది" అని సభ చెయ్యలేదు. జగడంలో, పంచాయితీలో, అప్పులవాడి ముందు, అవసరం పడ్డచోట పద్యం చెప్పారు. సందర్భమే కారణమైంది. వేరే వివరణ అక్కరలేకపోయింది.

అచ్చుపుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. కారణం మనమే చెప్పాలి. 'మహాప్రస్థానం'లోని గీతాలు చాలావరకు 1930ల నాటివి. చలం 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో. పుస్తకం వచ్చింది 1950లో. దాన్ని ఏ యేటి జాబితాలో వేస్తారు? అది అలా ఉంచండి. చలం నచ్చిందని ఊరుకోలేదు; ఎందుకు నచ్చిందో చెప్పి, పాఠకుణ్ణి కయ్యానికి పిలిచాడు. 1993లో 'నీలిమేఘాలు', 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చిన రోజుల్లో స్త్రీవాద, దళిత కవిత్వాలమీద ఇది కవిత్వమేనా అన్న ప్రశ్న గట్టిగానే లేచింది. అడిగినవారు కారణాలు చూపవలసి వచ్చింది; చూపారు గనుకనే వాటికి జవాబులు వచ్చాయి. నచ్చలేదని మౌనంగా పక్కన పెట్టివుంటే ఎవరితో వాదించాలి?

కారణాలు అడిగితే బిడియస్థులైన విద్యార్థులు నోరు విప్పరని కొందరంటారు. ఇందులో కొంత నిజమున్నది. కాని కారణమంటే అలంకారశాస్త్రమే కానక్కరలేదు. "మా అమ్మ బోరింగు దగ్గర మాట్లాడే మాట ఇందులో ఉంది" అని ఒక అమ్మాయి అన్నది. మా ప్రసంగాలకన్నా అది గట్టి విమర్శ.

ఈ ఏడు మేము ఒక నియమం పెట్టుకున్నాం. పుస్తకం తనకు ఎలా చేరిందో ముందు చెప్పి, తరువాతనే మెచ్చుకోవాలి. ఇద్దరు మిత్రులకు ఈ పద్ధతి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో రాసి ఇమ్మన్నాను.