చవకకు కారణం



ఆర్కేడ్ యంత్రమంటే నాణెం వేస్తే కొంతసేపు ఆడనిచ్చే, నిలువెత్తు చెక్కపెట్టెలో అమర్చిన వీడియో గేమ్. అమెరికాలో అటారీ సంస్థ 1972లో తెచ్చిన పాంగ్‌తో నిలదొక్కుకున్న ఈ వ్యాపారం, జపానులో 1978లో స్పేస్ ఇన్వేడర్స్, 1980లో ప్యాక్‌మ్యాన్ వచ్చాక ఊరూరా పాకింది. రూట్ ఆపరేటర్లనే వ్యాపారులు యంత్రాలను కొని, బార్లలోను పిజ్జా దుకాణాలలోను నిలబెట్టి, పడిన చిల్లరను స్థలం ఇచ్చినవారితో పంచుకునేవారు. రాబడి తగ్గిన వాటిని గోదాములో పడేసేవారు, లేదా వేలంలో వదిలించుకునేవారు. అటువంటి గోదాముల నుంచి, ఇళ్ల గరాజుల నుంచి పాత యంత్రాలు నేటికీ అమ్మకానికి వస్తున్నందున, అమెరికాలో పెరిగే తెలుగు పిల్లల మనసు కూడా వాటి మీదికి పోవడం వింత కాదు.

కారుచవకగా వచ్చే వస్తువుకు ఏదో ఒక కారణం ఉండి తీరుతుంది. దాన్ని కనుగొనడం కొనేవారి మొదటి పని. నిలువు యంత్రం వంద కిలోల పైచిలుకు బరువు ఉంటుంది కనుక, మెట్లు దించలేక, చోటు చాలక తక్కువకు ఇచ్చేసేవారున్నారు. ఈ చవకలో దోషం లేదు. లోపం వల్ల వచ్చిన చవకను మాత్రం నిదానంగా పరీక్షించాలి. పెట్టె అడుగుభాగాన్ని వేళ్లతో నొక్కి చూడాలి, ఎందుకంటే చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు నీరు తగిలితే ఉబ్బి, అటుకుల్లా రాలిపోతుంది. తెర ఆర్పి చూడాలి. ఏళ్ల తరబడి ఒకే బొమ్మ నిలిచిన ప్యాక్‌మ్యాన్ తెరపై, విద్యుత్తు లేకున్నా ఆటలోని చిక్కుదారి గోడలు మసక గీతలుగా కనిపిస్తాయి, అవి ఇక పోవు. క్యాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చిన సీపీఎస్-2 అనే సర్క్యూట్ బోర్డులలో, నకళ్లను అడ్డుకునే సంకేత తాళం ఒక బ్యాటరీ ఆధారంతో నిలుస్తుంది. బ్యాటరీ అయిపోగానే తాళం చెరిగి ఆట ఆగిపోతుంది గనుక, ఔత్సాహికులు దానికి ఆత్మహత్య బ్యాటరీ అని పేరు పెట్టి, తాళాన్ని తిరిగి ఎక్కించే ఉపాయమూ కనిపెట్టారు. తెరలోని పిక్చర్ ట్యూబు సుమారు 20,000 వోల్టుల వద్ద పనిచేస్తుంది, ప్లగ్గు తీశాక కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. కాబట్టి పని తెలిసినవారు పక్కన లేకుండా లోపల చెయ్యి పెట్టరాదు. అమెరికా యంత్రాన్ని హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకునేవారు, 120 వోల్టులకు చేసినదాన్ని 230 వోల్టుల సాకెట్లో నేరుగా పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఒక యంత్రాన్ని మరో ఆటగా మార్చడం ఈ వృత్తిలో మొదటినుంచీ ఉన్నదే. 1981లో నింటెండో అమెరికా శాఖ, అమ్ముడుపోక మిగిలిన రాడార్ స్కోప్ యంత్రాలనే డాంకీ కాంగ్‌గా మార్చి అమ్మి నిలబడింది. మార్చడం మోసం కాదు, మార్చిన సంగతి దాచడం మోసం. రేపు కొన్నవారే అమ్మకందారులైనప్పుడు ఈ మాట మరింత అవసరపడుతుంది.

అన్నిటికన్నా చిక్కైనది, అమ్మేవారి తెలియనితనం వల్ల వచ్చే చవక. కష్టపడి సంపాదించిన పరిజ్ఞానానికి ప్రతిఫలం పొందడంలో తప్పేమిటని వ్యాపారులు వాదిస్తారు. ఇరుపక్షాలా ఆరితేరినవారే పాడుకునే వేలంలో ఆ వాదం చెల్లుతుంది. భర్త పోయాక గరాజు ఖాళీ చేసుకుంటున్న ముసలావిడ, అరుదైన యంత్రాన్ని పాత బీరువా ధరకు ఇస్తానన్నప్పుడు మాత్రం అది చెల్లదు. బాగున్న వస్తువుకు లేని వంకలు పెట్టి ధర దించడం అబద్ధంతో సమానం. ఆమె విలువ అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పాలి, అడగకపోయినా మరొకరిని విచారించి అమ్మమని సూచించాలి. అలా చెబితే బేరం చేజారవచ్చు, చాలాసార్లు జారుతుంది కూడా. జారనివ్వడమే న్యాయం.

బేరానికి బయలుదేరే ముందు, యంత్రం వెనుక తలుపు తాళంచెవి ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. లోపల చూడనివ్వనివారు ఎంత తక్కువ చెప్పినా, నమస్కారం పెట్టి వెనుదిరగాలి.