సిజేరియన్‌కి ముహూర్తం పెట్టొచ్చా?

శ్రీరాముడు పుట్టినప్పుడు ఐదు గ్రహాలు ఉచ్చలో ఉన్నాయని వాల్మీకి రామాయణం చెబుతుంది. అంతటి జాతకం ఉన్న స్వామికే పద్నాలుగేళ్ల వనవాసం తప్పలేదు. మరి ఆపరేషన్‌కి ముహూర్తం పెట్టించి బిడ్డ రాత మార్చేద్దాం అనుకోవడం ఎంతవరకు సబబు?

మా బంధువుల్లో ఒకావిడకి డాక్టరు గారు 39 వారాలు నిండాక సిజేరియన్ చేద్దామన్నారు. ఇంట్లో పెద్దలేమో అప్పుడు మంచి నక్షత్రం లేదు, 37వ వారంలోనే తీయించేద్దాం అంటున్నారు. "రెండు వారాలే కదా, ఏమవుతుంది?" అని నన్నడిగారు. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. అయినా ఇదేం రహస్యం కాదు. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరే. నొప్పులప్పుడు విడుదలయ్యే హార్మోన్ల వల్ల అది ఇంకిపోతుంది. నొప్పులు రాకముందే, అదీ 39 వారాలు నిండకుండా తీస్తే, నీరు మిగిలిపోయి బిడ్డకి ఆయాసం వచ్చే అవకాశం ఎక్కువ. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, నిజమే. కానీ ఆ రెండు రోజులూ బిడ్డ ఆక్సిజన్ గొట్టంతో ఒకచోట, తల్లి ఇంకోచోట. అది శుభ ముహూర్తం ఎలా అవుతుందండీ?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్ కాన్పులు ఆంధ్రలో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. దేశం మొత్తం మీద 21.5. అన్నిటికీ ముహూర్తాలే కారణం అనను, డబ్బు లెక్కలూ ఉంటాయి.

అలాగని ఆపరేషనే పాపం అనుకోవద్దు. అరకు వైపు అనంతగిరి, ముంచంగిపుట్టు కొండల్లో రోడ్డు లేని ఊళ్లున్నాయి. అక్కడ నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకొస్తారు. దారిలోనే కాన్పయిన తల్లులున్నారు. బిడ్డ అడ్డం తిరిగితే వాళ్లకి సిజేరియనే ప్రాణదానం. అందుకే సాలూరులో కొండ ఊళ్ల గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు. వాళ్లూ ముందుగానే వస్తారు. బిడ్డని తొందరపెట్టడానికి కాదు, బిడ్డ వచ్చే వేళకి డాక్టరుకి దగ్గర్లో ఉండడానికి.

పుట్టే క్షణం పూర్వకర్మ ఫలం అని నమ్ముతాం కదా, దాన్ని మనమే దిద్దితే అది ఎవరి జాతకం అని మా పెద్దాయన్ని అడిగాను. "ఆ ముహూర్తంలో పుట్టడమే వాడి కర్మ అనుకోరాదూ?" అన్నారు. గట్టి జవాబే. కానీ అలాగైతే డాక్టరిచ్చిన తేదీ కూడా కర్మేగా?

బీపీ పెరిగిందనో, బిడ్డ గుండె చప్పుడు బాగాలేదనో డాక్టరే ముందు తీయాలంటే అది వేరే సంగతి. 39 వారాలు నిండాక, ఆయన ఒప్పుకున్న రోజుల్లోనే మంచి ఘడియ చూసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. అన్నప్రాశనకి ఎలాగూ పంతులు గారి దగ్గరికి వెళ్లాల్సిందే.