ఉనికి ఒక గుణమా?

ఇంగ్లీషులో ‘ఉండు’, ‘అగు’ అనే రెండర్థాలనూ మోసే క్రియ ‘బి’. దాని రూపాలైన ‘యామ్‌’, ‘ఈజ్‌’, ‘వజ్‌’ ఒకదాన్నొకటి పోలి ఉండకపోవడానికి కారణం, వేర్వేరు ధాతువులు ఒకే క్రియలో కలిసిపోవడం. ‘యామ్‌’, ‘ఈజ్‌’ సంస్కృతంలోని అస్మి, అస్తిలకు దాయాదులు. ‘బి’కి భవతితో, ‘వజ్‌’కి వసతితో చుట్టరికం. తెలుగు వాడుకలో ఉన్న అస్తిత్వం, భవిష్యత్తు, నివాసం ఈ మూడు ధాతువుల నుంచి వచ్చినవే. ప్రాచీన ఆంగ్లంలో ‘బి’ వర్గపు రూపాలను ముఖ్యంగా జరగబోయేదానికీ, ఎప్పటికీ నిజమయ్యేదానికీ వాడేవారు.

రూపాలతో పాటు పనులూ కలిసిపోయాయి. దేవుడు ఉన్నాడనడానికీ, దేవుడు దయామయుడనడానికీ, వేగుచుక్కా శుక్రుడూ ఒకటేననడానికీ ఇంగ్లీషుకు ‘ఈజ్‌’ ఒక్కటే చాలు. గ్రీకు, లాటిన్‌లలోనూ ఇంతే. ‘ఉన్నది’ అనే మాటను అనేక విధాలుగా వాడతారని అరిస్టాటిల్‌ ఆనాడే గుర్తించాడు. హీబ్రూ నిర్గమకాండంలో మోషేకు దేవుడు చెప్పిన పేరును గ్రీకు అనువాదకులు ‘ఉన్నవాడు’ అన్న అర్థంలో రాశారు. 13వ శతాబ్దంలో థామస్‌ అక్వినాస్‌ దేవుడికి అన్నిటికన్నా తగిన పేరు అదేనన్నాడు. ఒక క్రియ దైవనామమైంది.

దేవుడు ఉన్నాడని చూపడానికి ఈ క్రియ మీద ఆధారపడిన వాదాల్లో ప్రసిద్ధమైనది క్రైస్తవ సన్యాసి ఆన్సెల్మ్‌ది. నార్మండీలోని బెక్‌ మఠంలో ఉండగా 1077-78 ప్రాంతంలో ఆయన ‘ప్రోస్లోజియన్‌’ రాశాడు. అంతకన్నా గొప్పదాన్ని ఊహించలేనిదే దైవం. అది మనసులో మాత్రమే ఉంటే, నిజంగా కూడా ఉండేది దానికన్నా గొప్పదవుతుంది. కనుక దైవం నిజంగా ఉండి తీరాలి. దయ, జ్ఞానం లాగే ఉనికి కూడా గొప్పతనాన్ని పెంచే గుణమని ఈ తర్కం ఒప్పుకుంటున్నట్టు కనిపిస్తుంది.

జర్మన్‌ తత్త్వవేత్త కాంట్‌ 1781లో సరిగ్గా అక్కడే అడ్డుపడ్డాడు. ఉనికి ఒక వస్తువు భావనకు కొత్తగా ఏమీ చేర్చదన్నాడు. త్రిభుజాన్ని ఉంచి మూడు కోణాలను కాదంటే వైరుధ్యం; త్రిభుజాన్నే కోణాలతో సహా తీసేస్తే వైరుధ్యం లేదు. 1884లో తర్కవేత్త ఫ్రెగె ఉనికిని వస్తువు గుణంగా కాక, భావనకు సంబంధించిన విషయంగా వివరించాడు.

తెలుగులో ఈ తేడా నిరాకరణలో స్పష్టంగా వినిపిస్తుంది. ‘ఆవు జంతువు’ అనడానికి క్రియే అక్కర్లేదు. కాదనేటప్పుడు మాత్రం రెండు మాటలున్నాయి: ‘అది ఆవు కాదు’, ‘ఇంట్లో ఆవు లేదు’. ‘దేవుడు సర్వశక్తిమంతుడు కాదు’ అన్నవాడు దేవుణ్ణి నిలబెట్టి ఆయనకున్న గుణాన్ని తీసేస్తున్నాడు, కాంట్‌ చెప్పిన వైరుధ్యం ఇక్కడిది. ‘దేవుడు లేడు’ అంటే గుణం తీయడానికి ఎవరూ మిగలరు. అయితే తెలుగూ అన్నిటినీ విడదీయదు. ‘ఆయన రైతు కాదు’, ‘వచ్చినవాడు నిన్నటివాడు కాదు’ అనే రెండు చోట్లా ‘కాదు’ ఒకటే, మొదటిది గుణాన్నీ రెండోది అభేదాన్నీ నిరాకరించినా. ఆకాశం నీలంగా ‘ఉంది’ అన్నప్పుడు ‘ఉండు’ కూడా గుణాన్నే చెబుతుంది.

వ్యాకరణం తేడాను చూపగలదు, వాదాన్ని ముగించలేదు. 1960లో తత్త్వవేత్త నార్మన్‌ మాల్కమ్‌ ఆన్సెల్మ్‌ పక్షాన మరో దారి చూపాడు. ఉనికి గుణం కాదని ఒప్పుకుంటూనే, ‘లేకపోవడానికి వీల్లేకుండా ఉండటం’ మాత్రం గుణమేనని, ‘ప్రోస్లోజియన్‌’ మూడో అధ్యాయం చెబుతున్నది దాని గురించేనని వాదించాడు.