కానరాని పనిలో ధర్మం

2001 సెప్టెంబరు 25వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో మా రాయపురంలో అలమారలలోని గిన్నెలు గలగలలాడినవి. జనం పిల్లలను ఎత్తుకొని వీధిలోకి వచ్చినారు. పుదుచ్చేరికి తూర్పున సముద్రగర్భంలో పుట్టిన భూకంపమది. కొద్ది క్షణాల్లో అంతా సద్దుమణిగినది. మరునాడు, "మన ఇండ్లు గట్టివి" అని అందరమూ సంతోషించితిమి. ఆ సంతోషం సహేతుకమా అన్న శంక నాకు చాలా ఏండ్ల తరువాత గాని కలుగలేదు.

మా అమ్మాయి కుమారుడు హిమాచల ప్రదేశ్‌లోని మండి ఐ.ఐ.టి.లో సివిల్ ఇంజనీరింగు చదువుచున్నాడు. 2009లో ఏర్పడిన ఆ విద్యాలయం కమాంద్ లోయలో, ఊల్ నది ఒడ్డున, కొండల నడుమ ఉన్నది. దాని పొరుగుసీమయైన కాంగ్డాలో 1905 ఏప్రిల్ 4న వచ్చిన భూకంపం సుమారు 20,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. 2002లో సవరించిన భూకంప పటంలో మండిని అత్యంత ప్రమాదకరమైన ఐదవ మండలంలో చూపినారు. ఆ సవరణలోనే మన చెన్నపట్టణాన్ని రెండవ మండలం నుండి మూడవదానికి మార్చినారు.

అట్టి చోట విద్యార్థుల వసతిగృహం ఎట్లు కట్టవలెనని, బెంగకొద్దీ మా మనుమని అడిగితిని.

"తాతయ్యా, కొండవాలున కట్టిన ఇంటికి ఎగువవైపు స్తంభాలు పొట్టివి, దిగువవైపువి పొడుగువి. భూమి కదిలినప్పుడు పొడుగువి కొంత వంగి సర్దుకొంటాయి. పొట్టివి వంగలేవు గనుక ఎక్కువ బలం వాటిమీదనే పడుతుంది, ముందుగా అవే పగులుతాయి. అందుకే ఆ బలాన్ని పంచుకొనేటట్లు గోడలు అమర్చాలి. వాననీరు మట్టిలో నిలువకుండా దారి చూపాలి. అన్నిటికన్న ముఖ్యం, స్తంభంలోని నిలువు కమ్మీలను చుట్టే రింగులు. వాటిని దగ్గరదగ్గరగా కట్టి, కొసలను 135 డిగ్రీలు లోనికి వంచాలి. 90 డిగ్రీలతో సరిపెడితే కుదుపులో విడిపోతాయి" అన్నాడు.

"ఆ వంపును ఎవరు చూస్తారురా?" అంటిని.

"కాంక్రీటు పోసిన తరువాత ఎవ్వరూ చూడలేరు తాతయ్యా."

ఆ మాట నా మనస్సులో ములుకువలె నాటినది. నేను ముప్పది నాలుగేండ్లు ఒక కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసితిని. ఒకమారు ఒక ప్రహరీగోడ బిల్లు నా బల్లమీదికి వచ్చినది. కొలతల పుస్తకంలో పునాది లోతు వ్రాయవలసిన చోటు ఖాళీగా ఉన్నది. మేస్త్రీ నోట చెప్పిన అంకెను నా చేతితో వ్రాసి పై అధికారికి పంపితిని. లంచం పుచ్చుకొనలేదు. సాయంకాలం రైలుకు వేళయినది, అంతే. ఆ గోడ నేటికీ నిలిచియున్నది.

అయితే నేను నిర్దోషినా? గోడ నిలిచియుండుట నా సత్యానికి సాక్ష్యం కాదు. దానిని పరీక్షించు ఘడియ ఇంకను రాలేదు. ఫలం చెడనంత మాత్రాన కర్మ మంచిదైపోదు. 2014 జూన్ 28న చెన్నై శివారున మౌలివాక్కంలో కట్టుచున్న పదకొండంతస్తుల భవనం, భూమి కంపింపకుండానే కూలి 61 మంది మరణించినారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుండి కూలికై వచ్చిన మనవారు కలరు. ఆ ముందునాటి వరకు అదియు నిలిచియున్న కట్టడమే కదా!

నూరేండ్లకొకసారి రాగల ఆపదకై ఇంత ఖర్చేల అని కొందరందురు. వసతిగృహంలో నిద్రించువారు నాలుగేండ్లకొకసారి మారిపోవుదురు. కట్టినవాడు వారిని ఎరుగడు, వారు వానిని ఎరుగరు. అయినను ప్రతి రాత్రి వారు వాని మాటను నమ్మియే కన్నులు మూయుచున్నారు. ఆ నమ్మకం ఒక ఋణం. ఆపద ఎప్పుడు వచ్చునో లెక్కకట్టి ఆ ఋణాన్ని తగ్గించుకొనుటకు వీలులేదు.

మన కుటుంబాలలో ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, నావంటి గుమాస్తాలున్నారు. వారికి నా విన్నపం ఒక్కటే: కొలవనిదానిని కొలిచినట్లు వ్రాయవద్దు.

ఈ గోడ సంగతి మా మనుమనికి నేనింకను చెప్పలేదు. ఈ సంచిక వెలువడిన పిదప ఒక ప్రతిని వానికి పంపెదను.