పత్మాసు రేవు

ధ్యానమునకు: ప్రకటన 1:9, 2:1-7, 18:11-19, 21:1



ప్రకటన గ్రంథము చదువ మొదలుపెట్టినప్పుడు పత్మాసు అను పేరును మనము త్వరగా దాటిపోవుదుము. దీపస్తంభములును నక్షత్రములును మన కన్నులను తమవైపు లాగుకొనును. అయితే యోహాను మొదట తానున్న చోటు పేరు చెప్పి, పిమ్మటనే తాను చూచినది చెప్పెను. కనుక ఈ నెల ఆ చోటును గూర్చి కొంత తెలిసికొందము.

పత్మాసు ఏజియను సముద్రములో, తుర్కీ ఒడ్డునకు కొంత పడమరగా ఉన్న గ్రీసు దేశపు ద్వీపము. వైశాల్యము సుమారు 34 చదరపు కిలోమీటర్లు. అనగా మన వైపు నాలుగైదు గ్రామముల పొలము కలిపినంత. జనము 3 వేలకు కొంచెము పైన. పూర్వము అగ్నిపర్వతము కక్కిన రాతి నేల అది. నది యనునది లేదు. అన్నిటికంటె ఎత్తయిన కొండకు ఏలీయా ప్రవక్త పేరు పెట్టిరి. దాని ఎత్తు 269 మీటర్లు. ద్వీపమంతయు మూడు ముక్కలను సన్నని మెడలతో అతికినట్లుండును. నడిమి మెడయొద్ద తూర్పు సముద్రము లోపలికి చొచ్చుకొని వచ్చి, గాలి దెబ్బ తగులని మంచి రేవు ఏర్పడినది. అక్కడి ఊరి పేరు స్కాలా. మెట్లు అనియు, ఓడ దిగు చోటు అనియు ఆ మాటకు అర్థము. మన రేవు అను మాట దానికి చక్కగా సరిపోవును. ద్వీపములో విమానాశ్రయము లేదు గనుక నేటికిని యాత్రికులు ఓడ మీదనే వచ్చి అక్కడ దిగుచున్నారు.

ఇంత మంచి రేవు ఉండియు, శతాబ్దముల తరబడి జనులు దానియొద్ద కాపురముండుటకు భయపడిరి. ఓడదొంగలే అందుకు కారణము. 1088 లో అలెక్సియసు చక్రవర్తి ఈ ద్వీపమును క్రిస్తోదులు అను సన్యాసికి దానమిచ్చెను. అతడు కొండమీద యోహాను పేరట మఠము కట్టించెను. అది చూచుటకు మఠము కాదు, కోటయే. దాని గోడల నీడన ఖోరా అను ఊరు పుట్టెను. దొంగల భయము తగ్గిన తరువాత, 19వ శతాబ్దములో, క్రింద స్కాలా పెరిగెను. తుర్కులు ఏలిరి, 1912 లో ఇటలీవారు, 1943 లో జర్మనులు వచ్చిరి, 1948 లో ద్వీపము గ్రీసు దేశములో చేరెను. ఎవరు వచ్చినను ఓడ దిగినది ఆ రేవులోనే.

ఇక యోహాను సంగతి. పటములు గీయువారు ఆయనను మనుష్య సంచారము లేని రాతిమీద ఒంటరిగా కూర్చుండబెట్టుదురు. అది సరికాదని నా తలంపు. స్కాలాకు ఎగువనున్న కస్తెల్లి గుట్టమీద క్రీస్తు పుట్టుకకు ముందటి కోటగోడలు నేటికిని కనబడుచున్నవి. ఆ కాలమున పత్మాసు మిలేతు పట్టణపు చేతిక్రింద ఉండెను. కనుక ఊరుండెను, ఓడలు వచ్చుచుండెను. దొమీషియను చక్రవర్తి (క్రీ.శ. 81–96) ఏలుబడి చివర ఈ దర్శనము కలిగెనని పూర్వపు బోధకుడైన ఐరేనియసు వ్రాసెను. యోహానుచేత గనులలో పని చేయించిరని ఒక పాత మాట గలదు గాని బైబిలు ఆ మాట చెప్పదు. ఆయన తన్ను పరవాసి అని మాత్రమే చెప్పుకొనెను. గిట్టనివారిని ద్వీపములకు పంపివేయుట రోమీయుల వాడుక. అట్టి చోట సంకెళ్లతో పని యేమి? సముద్రమే గోడ.

ఈ సంగతి మనస్సున ఉంచుకొని 18వ అధ్యాయము చదువుడి. మహా పట్టణము కాలిపోవుచుండగా ఓడ నాయకులు దూరమున నిలిచి ఏడ్చుట, దిగుమతి సరకుల పెద్ద జాబితా, దాని చివర మనుష్యుల ప్రాణములు కూడ సరకుగా లెక్కింపబడుట – ఇవన్నియు ఓడలను ఎరిగినవాని మాటలు కావా? పిమ్మట 21వ అధ్యాయములో క్రొత్త భూమిని చూచినప్పుడు సముద్రము ఇక లేదని చెప్పుచున్నాడు. దుబాయికిని కువైటుకును బిడ్డలను పంపి, ఫోనుకొరకు కనిపెట్టుకొనియున్న తల్లులకు ఆ మాట నేను వివరింపనక్కరలేదు. యోహానుకును తన సంఘములకును నడుమ ఉన్నది ఆ నీరే.

మనిషి దాటలేకపోయెను గాని ఉత్తరము దాటెను. ఏడు సంఘముల పేర్లు వ్రాసిన వరుస చూడుడి. మొదట సముద్రతీరపు ఎఫెసు. అక్కడనుండి ఉత్తరముగా స్ముర్న, పెర్గము. తరువాత ఆగ్నేయముగా తిరిగి తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఓడ దిగి బాటపట్టి నడచువానికి తగులు వరుస అది.

ఎఫెసు నాడు ఆసియలో గొప్ప రేవు పట్టణము. దాని ప్రక్క నది ఏటేట ఒండ్రు తెచ్చి రేవులో మేట వేయుచుండెను. గోదావరి నోటియొద్ద కోరంగి రేవు పూడిపోయిన కథ ఎరిగినవారికి ఇది తెలియును. ఒక్క దినమున పూడిన రేవు ఎక్కడను లేదు. నీరో కాలములో ఒక అధిపతి ఎఫెసు రేవును బాగుచేయించెను. తరువాత 129 లో హద్రియను చక్రవర్తి నదినే ప్రక్కకు మళ్ళించెను. అనగా ఎఫెసువారు పూడికతీత అననేమో ఎరిగినవారు. అట్టివారికి మొదటి ప్రేమను విడిచితివి, మొదటి క్రియలను మరల చేయుము అని వర్తమానము వచ్చెను. ఆ సంఘములో కష్టమున్నది, సహనమున్నది, దుర్బోధను కనిపెట్టు తెలివియున్నది; అంతయు నిండుగానే కనబడినది. అడుగున మేట వేయుచుండెను.

మన గ్రామ సంఘములలో ఇంటింటి ప్రార్థన ఏ సంవత్సరమున ఆగిపోయినదో చెప్పగల పెద్ద ఉన్నాడా? ఎవరును ఆపివేయలేదు. ఒక వారము వాన, ఒక వారము కోతలు, ఒక వారము పెండ్లి.

నేడు ఎఫెసు శిథిలములు సముద్రమునకు కిలోమీటర్ల దూరములో ఉన్నవి. పౌలు ఎఫెసు పెద్దలతో కలిసి ఏడ్చిన మిలేతును అట్లే పొలముల నడుమ చిక్కుకొనినది. దీపస్తంభము తీసివేయబడెనని కొందరు ఎఫెసు రాళ్లు చూపి సులువుగా చెప్పుదురు. నేనట్లు చెప్పను. 1923 లో ఆ దేశపు గ్రీకు క్రైస్తవులు వెడలిపోయినది యుద్ధమువలనను ప్రభుత్వముల ఒడంబడికవలనను. వారి కన్నీటికి మనము తీర్పరులము కాము. మరియు యోహాను ఉత్తరము ఎఫెసు చేరిన 300 సంవత్సరములకు పైగా గడచిన తరువాత, 431 లో, సర్వసంఘ మహాసభ ఆ పట్టణముననే, మరియమ్మ పేరుగల గుడిలో కూడెను. అప్పటికిని ఎఫెసులో దీపము వెలుగుచునేయుండెను.